డయల్ మీది మాట కాదు, వెనుక మూత చూడండి
వాచీ డయల్ మీద ‘పర్పెచ్యువల్’ (నెలల రోజులు, లీపు సంవత్సరాలు తానే లెక్కించే క్యాలెండర్) అని ఉంటే తేదీ దిద్దే పని ఉండదని వాచీల మీద వ్యాసం రాసినవారు అన్న మాట నేను ఒప్పుకోను. అలా నమ్మి కొన్న చవక ఆటోమేటిక్ వాచీ మార్చి 1 ఉదయం 29 చూపించింది. నెల ముల్లును పక్క బొత్తాం నొక్కి నేనే జరిపాను! తరువాత జపాన్ కంపెనీ సీకో పాత బ్యాటరీ వాచీ ఒకటి దొరికింది. వెనుక మూత మీది నంబరులో అడ్డగీతకు (-) ముందున్న నాలుగు అక్షరాలు 8ఎఫ్32 (8F32). లోపలి యంత్రం పేరు అదే. బ్యాటరీ వాచీలో కాలం కొలిచే మామూలు క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తే, ఇందులోది 1,96,608 సార్లు కంపిస్తుంది. ఏడాదికి 20 సెకన్లకు మించి తేడా రాదని కంపెనీ లెక్క. లీపు సంవత్సరాలు 2100 ఫిబ్రవరి దాకా దానికి తెలుసు. కాకపోతే బ్యాటరీ మార్చినప్పుడు తేదీ, నెల, సంవత్సరం మళ్లీ పెట్టాలి. మా వీధి వాచీల పెద్దాయన అది మరిచి ఇచ్చేశారు, ఆ ఫిబ్రవరికి 30 కూడా వచ్చింది.