అనుమతి లేని మెంటరుపై చర్య తీసుకోవాలి

మన ఒడిశా గజపతి జిల్లా హైస్కూళ్లలో కెరీర్ మెంటరింగ్ మహాయజ్ఞం దిగ్విజయంగా సాగుతోంది. దూరం నుంచి మెంటర్లు వస్తున్నారు, ప్రొజెక్టర్ వస్తోంది, ఒక్కోసారి కరెంటు కూడా వస్తోంది. ఇంత పకడ్బందీ ఏర్పాటుకు పర్లాకిమిడిలో ఒకడు పక్కలో బల్లెంలా తయారయ్యాడు. తహసీల్ ఆఫీసు దారిలో జెరాక్సు, నెట్ సెంటరు నడుపుకునేవాడు. అతనిపై తక్షణం చర్య తీసుకోవాలని అధికారులకు విన్నవించుకుంటున్నాను.

అసలు శాస్త్రీయ పద్ధతి ఏమిటంటే, 1908లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే పెద్దమనిషి వృత్తి సలహా కేంద్రం తెరిచాడు. నిన్ను నువ్వు తెలుసుకో, ఉద్యోగాల సంగతి తెలుసుకో, రెండింటినీ జత చేసుకో అన్నాడు. తాను మాత్రం ఇంజనీరుగా మొదలై, బడిపంతులై, లాయరై, మేయరు పదవికి నిలబడి ఓడి, చివరికి ఇందులో దిగాడు. దిగిన ఏడాదే పోయాడు కూడా. ఒకరికి కెరీర్ చెప్పడానికి ఇంతకన్నా అనుభవం ఎవరికుంటుంది?

ఆయన చెప్పిన మూడింటిలో మన మెంటర్లు మొదటిదాన్నే గట్టిగా పట్టుకున్నారు. ఖర్చు తక్కువ.

మొన్న ఒక స్కూల్లో తొమ్మిదో తరగతి కుర్రాడికి ప్రశ్నపత్రం ఇచ్చారు. 'చేతిపనులంటే ఇష్టమా?' అని ఉంది. వాడు లేదని టిక్కు పెట్టాడు. వాళ్ల నాన్నది కొమ్ము పని, అంటే పశువుల కొమ్ములతో బొమ్మలు చెయ్యడం. ఇంటికెళ్తే కొమ్ము కొంగకు మెడ నున్నగా వచ్చేదాకా వాడే పాలిష్ పెట్టాలి, ఆ పొడి ముక్కులోకి పోతుంది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలను పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర కూర్చోబెట్టమంది. వీడికి ఏడాదంతా అదే. సరే, ఫలితం వచ్చింది: డేటా సైంటిస్టు. "దానికి ప్లస్ టూలో ఏటి తీసుకోవాలి సార్?" అని అడిగాడు. మెంటరు చిరునవ్వు నవ్వి, "ముందు పెద్ద కల కను" అన్నారు. చప్పట్లు.

ఆ కలతో వాడు తిన్నగా మన నిందితుడి దగ్గరికి పోయాడు.

"డేటా సైంటిస్టునవుతాను అన్నయ్యా."

"అవుదువుగాని. రెసిడెంటు సర్టిఫికెట్ ఉందేటి?"

"లేదు."

"అది ముందు అప్లై చెయ్యి. ఆధార్ చూపించు. ఇందులో ఇంటిపేరు ముందుంది, స్కూలు రిజిస్టర్లో వెనకుంది. ఇలాగుంటే స్కాలర్‌షిప్ ఆగిపోద్ది, రేపే హెడ్మాస్టర్ని అడుగు. లెక్కలు కావాలి గనక ప్లస్ టూలో సైన్సే. మహేంద్రతనయ ఏరు దాటి ఆంధ్రాలో చదువుతానంటే నాన్‌లోకల్ అంటారు, ఆ సంగతీ మీ నాన్నకి చెప్పు. మెట్రిక్ అయ్యాక బరంపురం ఐటీఐకి కూడా ఓ ఫారం పడేద్దాం, పోయేదేటి?"

గమనించండి. కల ఊసే లేదు. జ్యోతి ప్రజ్వలన లేదు, గ్రూప్ ఫొటో లేదు. పిల్లల్లో ఆత్మవిశ్వాసం నింపాల్సింది పోయి ఆఖరు తేదీలు చెబుతున్నాడు. అమెరికా స్కూలు కౌన్సెలర్ల సంఘం ఒక్కో కౌన్సెలరుకు 250 మంది విద్యార్థులే ఉండాలంటుంది. ఫారాల సీజన్లో ఇతని షాపు ముందు లైను చూస్తే ఆ నియమానికీ దిక్కులేదు. పైగా ఇరవై రూపాయలు తీసుకుంటాడు, చిల్లర సరిగ్గా ఇస్తాడు. తల్లిదండ్రులకు ఇలాంటి చెడ్డ అలవాటు చేస్తే రేపు ప్రతి మెంటరునూ ఏదో ఒక ఉపయోగపడే ముక్క చెప్పమంటారు.

అధికారులు విచారణ జరిపితే ఇంకో సంగతీ తేలుతుంది. మెంటరింగ్ అయ్యాక పిల్లలంతా ఆన్‌లైన్లో అభిప్రాయం నింపాలన్నారు, అదీ ఆ సాయంత్రం లోపే. ఫోన్ లేనివాళ్లంతా ఇతని షాపులోనే నింపించుకున్నారు. లైను చాంతాడంత ఉంది, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఒక్కో ప్రశ్నా చదివే ఓపిక లేక అందరికీ 'అత్యద్భుతం' దగ్గరే నొక్కుకుంటూ పోయాడు. జిల్లా నివేదికలో మెంటర్లకు పడ్డ అయిదు నక్షత్రాలు అవే.