ఇంక్రిమెంటల్ ఎన్‌కోడర్ గారికి ఒక మనవి

పీణ్యా ఇండస్ట్రియల్ ఏరియా,
బెంగళూరు

అయ్యా ఎన్‌కోడర్ గారూ,

మోటారు వెనకాల కొలువై, షాఫ్టు ఎంత తిరిగిందో కరెంటు పల్సుల్లో చెప్పే తమరి సూక్ష్మదృష్టికి దండం. చుట్టుకి 1024 పల్సులు. ఏ, బీ అనే రెండు చానళ్లలో పల్సు లేచే, పడే అంచులన్నీ లెక్కేస్తే 4096. డిగ్రీలో పదో వంతు కదిలినా పట్టేస్తారు. ఏ ముందొచ్చిందా, బీ ముందొచ్చిందా అన్నదాన్నిబట్టి ఎటు తిరుగుతున్నారో కూడా తెలిసిపోతుంది. తెలియనిదల్లా ఎక్కడున్నారన్నదే! "కదిలాను" అంటారేగానీ "ఇక్కడున్నాను" అన్న మాట తమరి నోట రాదు.

కరెంటు రెప్పపాటు పోయొచ్చిందా, అంతే సంగతులు. మెషిన్‌ని నడిపే కంట్రోలర్ పీఎల్‌సీ పాత అంకె దాచుకున్నా, ఈలోగా ఎవరైనా షాఫ్టుని చేత్తో తిప్పితే అది చెల్లని నోటే. మళ్లీ హోమ్ స్విచ్ దాకా నత్తనడకన వెళ్లి, అక్కణ్ణించి లెక్క మొదలెట్టాలి. దీని పేరే హోమింగ్. పక్క మెషిన్‌లో తమరి అన్నగారు, అబ్సొల్యూట్ ఎన్‌కోడర్ గారు నిద్రలేస్తూనే అడ్రసు చెప్పేస్తారు. ఆయన రేటు చూసి తమరిని తెచ్చుకున్నది మేమే కనక ఇక్కడితో ఆపుతున్నాం.

అసలు గోల వేరే. పొద్దున హోమింగ్ చేస్తే కొలత భేష్. మధ్యాహ్నానికి కోత 2 మిల్లీమీటర్లు పక్కకి. మళ్లీ హోమింగ్, మళ్లీ భేష్, సాయంత్రానికి మళ్లీ అదే. అందరూ ప్రోగ్రామ్ మీద పడతారు. తీరా చూస్తే తమరిని మోటారు షాఫ్టుకి కలిపే కప్లింగ్‌లో, దాన్ని బిగించే గ్రబ్ స్క్రూ వదులు! మోటారు ఊపందుకున్నప్పుడల్లా, బ్రేకు పడ్డప్పుడల్లా షాఫ్టు వెంట్రుకవాసి జారుతుంది. తమరేమో ఏమీ ఎరగనట్టు పల్సులు కొడుతూనే ఉంటారు. షాఫ్టు మీంచి కప్లింగ్ మీదికి మార్కర్‌తో ఒక్క గీత గీస్తే చాలు, జారగానే అది రెండు ముక్కలై దొంగని పట్టిస్తుంది.

షాఫ్టు కదలకుండానే, మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్ (వీఎఫ్‌డీ) ఆన్ చేయగానే అంకెలు గంతులేస్తే అది నాయిస్, అంటే పక్క తీగల నుంచి వచ్చే కరెంటు అలజడి. తమరి కేబుల్ని వీఎఫ్‌డీ మోటారు కేబుల్‌తో ఒకే ట్రేలో పడుకోబెట్టిన పుణ్యాత్ముడెవరో! ట్రే వేరు చేసి, షీల్డ్‌ని ఎర్త్ చేసి, ఏ తోపాటు దాని తిరగేసిన నకలు ఏ-బార్ కూడా పంపే లైన్ డ్రైవర్ రకం వాడితే చాలావరకు తగ్గుతుంది. నిమిషానికి 3000 చుట్ల దగ్గర తమరు సెకనుకి 51,200 పల్సులు కురిపిస్తుంటే హైస్పీడ్ కౌంటర్‌కి కాక మామూలు ఇన్‌పుట్‌కి కట్టినవాడి సంగతి ఇంక ఎత్తం.

ఫ్లెక్సిబుల్ కప్లింగ్ దొరకలేదని గట్టి బుష్ బిగించి, షాఫ్టులు ఒకే వరసలో లేకపోయినా "స్వల్ప అడ్జస్ట్ మాడి" (కాస్త సర్దుకోండి) అని కన్నడంలో అంటే తమరి బేరింగు వినదని మాత్రం తెలిసొచ్చింది.

ఇట్లు,
మెయింటెనెన్స్ షిఫ్టు వాళ్లు

తా.క.: కప్లింగ్ మీది మార్కర్ గీత తుడవొద్దని క్లీనింగ్ వాళ్లకి చెప్పాం.