మా లంక చరిత్ర, అంగుళాల లెక్కన

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి గనుక, రేవుకు సిమెంటు మెట్లు కావాలంటే ఊరికి ఎంతో కొంత చరిత్ర ఉండి తీరాలని ఎవరో పెద్దమనిషి సెలవివ్వగా, గోదావరి వసిష్ఠ పాయ నడుమ దీవిలా ఉన్న మా లంకలో గ్రామ చరిత్ర రచనా సంఘమనేది ఒకటి వెలిసింది. దానికి కార్యదర్శి పదవి నా మెడలో పడింది. రామాలయం అరుగు మీద ఇప్పటికి తొమ్మిది సమావేశాలు జరిగాయి, మినిట్సు పుస్తకంలో డెబ్బై పేజీలు నిండాయి. అందులో అరవై నాలుగు పేజీలు ఒక్క ప్రశ్నకే ఖర్చయ్యాయి. 1986 ఆగస్టు వరదలో మన ఊళ్లో నీరు ఎంత ఎత్తు వచ్చింది?

ఇదేమంత ప్రశ్న అనుకునేవారు లంకలో పుట్టనివారై ఉండాలి. ఏటిగట్టు లోపల భద్రంగా ఉన్న ఊళ్లలో మనిషి పరువును ఎకరాల్లో కొలుస్తారు. మా దగ్గర ఎకరాలను ఏరు ఎప్పటికప్పుడు సర్దుబాటు చేస్తూ ఉంటుంది కాబట్టి, పరువును ఆ ఏడాది నీరు ఇంటి గోడ మీద ఎన్ని అంగుళాలు ఎక్కిందన్న దాన్నిబట్టి నిర్ణయించుకున్నాం. దిగువ వీధి వారికి నీరు చూరును ముట్టింది. ఎగువ వీధి వారికి గుమ్మం దాటి, వీధిగదిలోని నవారు మంచం తడిపి, మర్యాదగా వెనుదిరిగింది. ఈ తేడా వల్ల దాదాపు నలభై ఏళ్లుగా ఎగువ వీధి వారు తలెత్తుకుని తిరగలేకపోతున్నారు. తమ ఇళ్లకు నీరు ముందు నుంచి తక్కువే వచ్చినా వెనుక నుంచి, అంటే కొబ్బరితోట వైపు నుంచి, నిలువు లోతున వచ్చిందని వారు ఐదో సమావేశంలో ఒక వాదం లేవదీశారు. నీటికి వీపు వైపు ఎత్తు ఎక్కువగా ఉండటం సాధ్యమేనా అని ఒక ఇంజనీరింగు కుర్రవాడు అడగబోతే, 86 తర్వాత పుట్టినవారికి ఈ విషయంలో మాట్లాడే అర్హత లేదని అధ్యక్షులవారు కూర్చోబెట్టారు.

ఆ నిబంధన న్యాయమైనదేనని నా అభిప్రాయం. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకు మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, ఆ పైన ఎగరేయడానికి హెచ్చరికలు లేవు. 86లో అక్కడ 35 లక్షలు దాటింది. భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగుల మీద నిలబడింది. అంతటి నీటిని చూసినవారి ముందు, 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు వారం రోజులు డాబాల మీద కూర్చున్న పిల్లలు నోరెత్తడం బాగుండదు. పైగా ఆ పిల్లల చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి, తీసిన వీడియోలున్నాయి, వాటిలో నీరు ఏ గడపకు ఎంత వచ్చిందో స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. ఏ సందేహానికీ తావివ్వని వరదకు చరిత్రలో చోటెలా ఇస్తాం? 86 వరదకు ఆ లోపం లేదు. మా ఊళ్లో దానికి ఫొటో ఒక్కటీ లేదు.

ఉన్న ఆధారం ఒక్కటే. రామాలయం మండపంలో ఈశాన్యం స్తంభం మీద, నీరు తీసిన మరునాడు ఎవరో తారుతో గీసిన గీత. గుడికి సున్నం వేయించినప్పుడల్లా ఆ గీత మునిగిపోవడం, ఆ ఏటి ఉత్సవ కమిటీ వారు జ్ఞాపకం మీద దాన్ని మళ్లీ గీయించడం ఆనవాయితీగా వస్తోంది. జ్ఞాపకమనేది ఎప్పుడూ పైకే సాగుతుంది తప్ప కిందికి సాగదు. ఏడో సమావేశం నాడు రిటైరయిన లెక్కల మాస్టారు, ఎవరూ కోరకపోయినా, టేపు తెచ్చి స్తంభాన్ని కొలిచారు. తర్వాత గోటితో సున్నం పెచ్చు గీకారు. పొర కింద పొరగా, ఉల్లిపాయ ఒలిచినట్టు, ఐదు గీతలు బయటపడ్డాయి. ఒక్కొక్కటి కిందిదాని కంటే మూరెడు పైన ఉంది. అన్నిటికంటే అడుగున ఉన్న అసలు గీత మాస్టారి నడుము దగ్గర తేలింది. అన్నిటికంటే పైది ఆయన చేతికి అందలేదు, స్టూలు వేయించాల్సి వచ్చింది.

మండపంలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. పై గీతే ప్రమాణమైతే, ఆ రోజుల్లో ఊరందరికీ తలదాచుకోవడానికి చోటిచ్చిన ఒకే ఒక్క డాబా కూడా మునిగి ఉండాలని, దాని మీద మూడు రోజులు కూర్చుని ట్రాన్సిస్టర్‌లో వార్తలు విన్న పెద్దలు నీటి అడుగున కూర్చుని విని ఉండాలని మాస్టారు లెక్క తేల్చారు. ఆ పెద్దల్లో ఇద్దరు అప్పుడు అరుగు మీదే ఉన్నారు. కింది గీత వైపు మొగ్గితే ఊరి పరువు పోతుంది, పై గీత వైపు మొగ్గితే ఆ ఇద్దరి ప్రాణాలకు సంజాయిషీ చెప్పుకోవాలి. సంఘం దీర్ఘంగా ఆలోచించి, గుడికి వెంటనే మళ్లీ సున్నం వేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

తక్కిన ఆరు పేజీల్లో మిగతా చరిత్ర అంతా ఉంది. ప్రాచీనత కోసం వసిష్ఠ మహర్షి పాదముద్ర ఒకటి వెతకాలనుకున్నాం గాని, సప్తర్షుల పేర గోదావరి ఏడు పాయలైందన్నది అందరికీ తెలిసిన మాటే గనుక, ఈ పాయ పొడుగునా ఉన్న ప్రతి రేవువారూ మాకంటే ముందే ఆయన పాదాలను పంచుకున్నారు. పులస గురించి ఒక పేరా రాశాం. వరద ఎర్రనీరు వచ్చిన తర్వాత సముద్రం నుంచి ఎదురీది వచ్చే ఆ చేప, మా రేవు దగ్గరికొచ్చేసరికే రుచి తేలుతుందని, దిగువ రేవుల్లో పట్టేది ఇంకా సముద్రపు విలసేనని అందులో నిర్మొహమాటంగా చెప్పాం.

కాటన్ దొరగారి విషయంలో మాత్రం కొంత ఘర్షణ తప్పలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ ఐదేళ్లలో దొరగారు మా లంకకు వచ్చి, చెరువుగట్టు రావిచెట్టుకు గుర్రాన్ని కట్టి, లేత బొండాం తాగారని మా ఊరి నమ్మకం. ఇరుగుపొరుగు లంకల్లోనూ ఒక్కొక్క చెట్టు, ఒక్కొక్క బొండాం ఉన్నాయి. అన్నీ కలిపి చూస్తే దొరగారికి ఆనకట్ట కట్టే తీరిక ఎక్కడ దొరికిందో తెలియదు. ఆనకట్ట నీరు కాలువల్లో పడి గట్టు లోపలి పొలాలను మూడు పువ్వులు ఆరు కాయలుగా తడిపింది. ఏటి నడుమనున్న మాకు ఆ కాలువల చుక్క ఏనాడూ అందలేదు. ఇప్పటి బ్యారేజి 175 గేట్లూ ఎత్తేసిన రోజున మాత్రం మా వాటా మాకు ఒక్కసారిగా ముడుతుంది. అయినా రేవులో దొరగారి విగ్రహం ఉండాల్సిందేనని, గుర్రం మీద ఉంటే వరదలో కనీసం ఆయన తలైనా కనిపిస్తుందని తీర్మానం చేశాం.

విగ్రహం ఎక్కడ నిలపాలన్న దగ్గర తొమ్మిదో సమావేశం ఆగిపోయింది. రేవు ఎక్కడుందో ముందు తేలాలి. పాత రేవు ఇప్పటి రేవుకు చాలా అవతల, నీళ్లలో ఉంది. దానితోపాటు ఒక వీధి, బడి పాత పాక, రెండు వరసల కొబ్బరిచెట్లు వరద తర్వాత వరదకు కోతలో జారిపోయాయి. వాటి ఊసు చరిత్రలో ఎత్తకూడదని సంఘం మొదటి రోజే అనుకుంది, లేని వీధి గురించి రాస్తే సిమెంటు మెట్లు మంజూరు చేసేవారికి అనుమానం వస్తుందేమోనని.

అయితే ఆ వీధి పెద్దాయన ఒకరు సంఘానికి అర్జీ పెట్టుకున్నారు. ఆయన పాసుపుస్తకంలో ఎకరా ముప్పై సెంట్లు నిక్షేపంలా ఉంది, సర్వే నంబరూ ఉంది, పొలమూ ఇల్లూ మాత్రం ఏటి నడుమన ఉన్నాయి. రోజూ ఏరు దాటించే పంటు తన భూమి మీదుగానే పోతోంది గనుక దారి బత్తెం ఇప్పించాలని ఆయన కోరిక. రేవు పాటదారు ఈ అర్జీ చదివి పడీపడీ నవ్వి, బత్తెం ఇవ్వలేను గాని మీ పొలం వచ్చినంత మేర మీ దగ్గర టికెట్ తీసుకోను బాబాయ్ అని మాటిచ్చాడు. అప్పటి నుంచి ఆయన సగం టికెట్‌కే ఏరు దాటుతున్నారు.

పంటు నడి ఏటికి చేరగానే ఆయన చెప్పులు విప్పి పక్కన పెట్టి, అవతలి కొబ్బరితోట చివరి చెట్టు దాటేదాకా ఉత్త కాళ్లతో నిలబడతారు. అక్కడ వాళ్లమ్మగారి తులసికోట ఉండేదట. ఆ చోట నీరెంత లోతో ఎవరూ కొలవలేదు కాబట్టి, ఈ సంగతిని మినిట్సు పుస్తకంలో ఎక్కించలేదు.