వాయు నియంత్రక ఫలకం

కళ్ళు ఇంకా మండుతున్నాయి. ఇందులో అచ్చుతప్పులేమైనా కనిపిస్తే ఆ ఖాతాలో రాసుకోండి.

ఊళ్ళో తాతగారి పెంకుటిల్లు బాగుచేయించాం. పెంకులు మార్చాం, గచ్చు వేయించాం, గోడలకు తెల్లరంగు కొట్టించాం. మొన్న ఆదివారం పొద్దున 7 గంటల 42 నిమిషాలకు పాలు పొంగించమని పంతులుగారు ముహూర్తం పెట్టారు. గ్యాస్ స్టవ్ మీద గిన్నె పెట్టి, పాలు పొంగించి, టిఫిన్లు పెట్టి చుట్టాలను పంపించేస్తే అయిపోయేది. మా ఆవిడ మొదట్నించీ ఆ మాటే చెప్పింది. చెప్పినట్టు ఇక్కడ రాయమని కూడా చెప్పింది. రాశాను.

అటక సర్దుతుంటే ట్రంకుపెట్టెలో సర్కారువారి పుస్తకం ఒకటి దొరికింది. ముప్పంతా దానితోనే వచ్చింది. అట్ట లేదు, మొదటి పేజీ లేదు, మిగిలిన పేజీలు ముట్టుకుంటే అప్పడంలా విరుగుతున్నాయి. 1952 అక్టోబర్ 2న నెహ్రూగారి ప్రభుత్వం 55 చోట్ల సమాజ వికాస పథకం మొదలుపెట్టాక, గ్రామసేవకులు సైకిళ్ళ మీద ఊరూరా తిరుగుతూ రైతులకు సలహాలు చెప్పేవారు కదా, ఆ రోజుల నాటిది. వరి ఎలా నాటాలి, కంపోస్టు గుంట ఎలా తవ్వాలి, వాడుకనీళ్ళు వీధిలోకి పోకుండా ఇంకుడు గుంట ఎలా తీయాలి, పెరట్లో లెగ్‌హారన్ కోళ్ళు ఎలా పెంచాలి, అన్నీ ఉన్నాయి. జపాను పద్ధతి వరిసాగు పేజీలో, తాడు పట్టి వరసల్లో నాటాలన్న చోట, మా తాతగారు పెన్సిల్‌తో పక్కన రాసుకున్నారు: "కూలి ఎవడిస్తాడు?" ఆయన అక్కడితో చదవడం ఆపేసినట్టున్నారు. తర్వాతి పేజీల్లో ఒక్క గీత కూడా లేదు. నాకు ఆ తెలివి లేకపోయింది. ఇంకా ముందుకు వెళ్ళి పొగ రాని పొయ్యి దగ్గర ఆగాను.

బొమ్మ చూడముచ్చటగా ఉంది. నేలమీద పొడుగ్గా మట్టి దిమ్మె. ముందు నోరు, అక్కడ మంట. పైన వరసగా మూడు కన్నాలు. మొదటి కన్నం కింద మంట, మిగతా రెంటికీ లోపలినుంచి పారే వేడి. ఒక మంటతో మూడు గిన్నెలు. చివర గొట్టం. పొగంతా బుద్ధిగా ఆ గొట్టంలోంచి కప్పు దాటి ఆకాశంలోకి పోతుంది. బొమ్మలో కొప్పు పెట్టుకున్న ఒకావిడ పొయ్యి ముందు కూర్చుని నవ్వుతోంది. ఆ నవ్వే నన్ను ముంచింది.

ఫోటో తీసి మా బావగారికి పంపాను. ఆయన పంచాయతీ సమితి ఆఫీసులో పనిచేసి రిటైరైనవారు. పంపిన నిమిషానికి ఫోన్ చేశారు.

"ఏమోయ్, ఇది మన హైదరాబాద్ సరుకు, తెలుసా? హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో ఎస్.పి. రాజుగారు తయారుచేశారు. ఆ పేరులోని మొదటి అక్షరాలు కలిపితే హెర్ల్. హెర్ల్ పొయ్యి. 1953లో దానిమీద పుస్తకం కూడా వేశారు. వార్ధాలో గాంధీగారి వాళ్ళ మగన్ పొయ్యి ఉండేది, ఇదీ ఆ జాతిదే. తర్వాత 1980ల్లో ఢిల్లీ వాళ్ళు మెరుగైన పొయ్యిల జాతీయ పథకం పెట్టారు. అప్పుడు ఒక్క మార్చి నెలలో ఎన్ని పెట్టించాననుకున్నావ్!"

"వాటిమీద వండేవారా బావగారూ?"

"వండించడం నా డ్యూటీ కాదోయ్. పెట్టించడం వరకే."

ఈ సమాధానం విన్నాకైనా ఆగాల్సింది. ఆగలేదు. మట్టి ఇల్లు, మట్టి పొయ్యి, తాతగారి పుస్తకం, ఇవన్నీ కలిసి నా తలలో ఒక మంచి ఫోటోలాగా తయారై కూర్చున్నాయి. ఊరికి పట్టుకొచ్చిన గ్యాస్ స్టవ్ అట్టపెట్టెలోనే ఉండిపోయింది. సిలిండర్ మాటే ఎత్తలేదు. ఎందుకు, పొయ్యి ఉందిగా అన్నది నేనే.

అసలు ఆ పుస్తకం రాసినాయన మీద నాకు ఒక పెద్ద ఫిర్యాదు ఉంది. తెగుళ్ళకు బోర్డో మిశ్రమం కలపాలంటే లెక్క లెక్కగా చెప్పాడు. మైలుతుత్తం 5 పౌన్లు, సున్నం 5 పౌన్లు, నీళ్ళు 50 గ్యాలన్లు. ఇనప పాత్రలో కలపొద్దన్నాడు. కలిపాక మెరిసే చాకు ఒకటి ముంచి తీయమన్నాడు. చాకుమీద ఎర్రగా రాగి పూత అంటితే ఇంకా సున్నం పడాలట. వరి విత్తనాల్లో తాలు తేల్చడానికి ఉప్పునీళ్ళు కలపాలంటే, కోడిగుడ్డు తేలేదాకా ఉప్పు వేయమన్నాడు. ఎంత ముచ్చటైన గుర్తు! చదువు రానివాళ్ళు కూడా పొరబడరు. ఇంత జాగ్రత్త గల మనిషి, పొయ్యి దగ్గరికి వచ్చేసరికి ఏమైపోయాడో. తగినంత బంకమట్టి, తగినంత ఊక, తగినంత పేడ, తగినంత నీరు. నోటికి తగినంత వెడల్పు. గొట్టానికి తగినంత ఎత్తు. రెండు పేజీల్లో పదకొండు తగినంతలు లెక్కపెట్టాను. పొలం మగవాళ్ళది కాబట్టి పౌన్లూ గ్యాలన్లూ, పొయ్యి ఆడవాళ్ళది కాబట్టి వాళ్ళకే తెలుస్తుందిలే అనుకున్నట్టున్నాడు. నిజంగా తెలుసు కూడా. మా నాయనమ్మకు తెలుసు. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళయింది.

పొయ్యి కట్టడం సంగతి వదిలేయండి. మేస్త్రీ కట్టాడు, రెండుసార్లు కూలింది, మూడోసారి నిలబడింది.

ఒక్కటి మాత్రం చెప్పాలి. గొట్టం మొదట్లో ఒక రేకు పెట్టాలని పుస్తకంలో ఉంది. దానికి ఆయన పెట్టిన పేరు "వాయు నియంత్రక ఫలకం". ఫలకం! మనకు తెలిసిన ఫలకం ఏమిటి? శిలాఫలకం. మంత్రిగారు తాడు లాగితే తెర పక్కకు జరిగి కనపడేది. పైగా బొమ్మలో ఆ రేకు కొస ఒకటి నాలుకలాగా బయటికి పొడుచుకొచ్చి ఉంది. నేనూ మేస్త్రీ కాసేపు ఆలోచించి, ప్రభుత్వం వారి పని కాబట్టి దాతల పేరు రాయడానికి ఉంచిన జాగా అయి ఉంటుందని తేల్చాం. ఊళ్ళో సైన్‌బోర్డులు రాసే కుర్రాడిని పిలిచి, ఆ నాలుక మీద ఎర్ర పెయింటుతో "కీ.శే." అని మొదలుపెట్టి తాతగారి పేరు రాయించాను. పేరున్న రేకు ఊగితే బాగుండదని మేస్త్రీ దాన్ని లోపలికంటా తోసి, చుట్టూ మట్టి మెత్తి, కదలకుండా బిగించేశాడు. పైగా నన్ను పిలిచి ఊపి చూడమన్నాడు. ఊపాను. ఇసుమంతైనా కదల్లేదు. శభాష్ అన్నాను.

ముందొకసారి వెలిగించి చూద్దామని మా ఆవిడ అంది. ముహూర్తానికి ముందు పొయ్యి ముట్టించకూడదని బావగారు ఫోన్లో తీర్పు చెప్పారు.

ఆదివారం. 7 గంటల 40 నిమిషాలు. వంటింట్లో పన్నెండుమంది, గుమ్మంలో ఇంకో ఆరుగురు. మొదటి కన్నం మీద కొత్త ఇత్తడి గిన్నెలో పాలు. రెండో కన్నం మీద కాఫీలకు నీళ్ళు. మూడోదాని మీద ఉత్త గిన్నె, అందం కోసం. పుస్తకంలో గిన్నెలన్నీ గుండ్రటి అడుగువి, కన్నంలో సగం దిగి కూర్చుంటాయి. మావన్నీ బల్లపరుపువి, ఇండక్షన్ స్టవ్ కోసం కొన్నవి. సందుల్లో తడిమట్టి మెత్తాను. కర్పూరం, చితుకులు, కొబ్బరిమట్టలు. అగ్గిపుల్ల గీశాను.

మంట అంటుకుంది. పొగ రాలేదు.

నిజం, ఒక నిమిషం పాటు పొగ రాలేదు. ఆ ఒక్క నిమిషం నా జీవితంలో చాలా పెద్దది. నేను లేచి నిలబడి జనం వైపు తిరిగాను. 1953 గురించి చెప్పాను. హెర్ల్ అంటే ఏమిటో చెప్పాను. ఒక మంటతో మూడు వంటలు అన్నాను. మన పూర్వీకులు అనే మాట కూడా వాడాను. మామగారు తలూపారు. ఆయన నా మాటకు తలూపడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. వెనకాల పొయ్యిలో పొగ ఎటూ పోకుండా, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లాగా లోపల్లోపల పెరుగుతోందని నాకేం తెలుసు?

ఈలోగా మా పెద్దమ్మకు కాఫీ గుర్తొచ్చింది. "నీళ్ళు కాగాయేమో చూస్తానురా" అంటూ రెండో కన్నం మీది గిన్నె ఎత్తింది.

పొగల్లో రకాలుంటాయి. పిడక పొగ నీలంగా, మెల్లగా లేస్తుంది. సాంబ్రాణి పొగ మర్యాదస్తురాలు, చెబితే వింటుంది. పచ్చికట్టె పొగ ఏడిపిస్తుంది గానీ దాని దారిన అది పోతుంది. రెండో కన్నంలోంచి వచ్చింది వీటిలో ఏదీ కాదు. తడిమట్టి ఆవిరి, కొబ్బరిమట్ట, కర్పూరం, సగం ఎండిన పేడ, అన్నీ కలిసి స్తంభంలా నిటారుగా లేచి, దూలానికి తగిలి, నాలుగు పక్కలకూ గొడుగు విప్పుకుంది. పెద్దమ్మ చేతిలో గిన్నెతో ఆ స్తంభం వెనక మాయమైంది. మాట మాత్రం వినబడింది. "నీళ్ళు కాగలేదురా."

నేను పళ్ళెం తీసి రెండో కన్నం మూశాను. మూడో కన్నం మీది ఉత్త గిన్నె ఇడ్లీపాత్ర మూతలా టపటపలాడి పక్కకు ఒరిగింది. ఇప్పుడు అక్కడ రెండో స్తంభం. దాన్ని ఎడంచేత్తో పీట పెట్టి మూశాను. పొయ్యి నోటిలోంచి నా కాళ్ళమీదికి వచ్చింది. మూడు కన్నాలు, ఒక నోరు, రెండు చేతులు. ఏది మూస్తే ఇంకోటి మాట్లాడుతోంది, అచ్చం మా ఆఫీసు మీటింగులాగా. మామగారు తన కొత్త కండువా తీసి ఉండలా చుట్టి ఒక సందులో కుక్కారు. దాని అంచు కమిలింది. ఆయన ఏమీ అనలేదు. అదే భయంగా ఉంది.

పంతులుగారు మాత్రం ఆగలేదు. మంత్రం మధ్యలో ఒకసారి దగ్గి, "హోమం మనం అనుకోలేదు కదండీ? ముందే చెబితే నెయ్యి తెచ్చేవాణ్ణి" అన్నారు.

పెంకుల సందుల్లోంచి కూడా పొగ లేస్తున్నట్టుంది, పంచాయతీ వాళ్ళు దోమల పొగ కొడుతున్నారనుకుని పక్కింటావిడ పిల్లల్ని లోపలికి తోసి, డాబామీద ఎండబెట్టిన వడియాలు తీసేసుకుంది.

బావగారు మోకాళ్ళ నొప్పులని రాలేదు. వీడియో కాల్ చేశాను.

"ఏమోయ్, వీడియో ఆపేశావేం? అంతా బూడిదరంగుగా ఉంది."

"ఆన్‌లోనే ఉంది బావగారూ."

"ఓహో. ఫలకం లాగావా?"

"లాగడమేమిటి? పేరు రాయించాను."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నాకు వాయువూ తెలియదు, నియంత్రణా తెలియదు అన్న ధోరణిలో వివరించారు. అది గొట్టానికి అడ్డంగా ఉండే రేకు. మంట వేసేముందు బయటికి లాగాలి, వంట అయ్యాక తోయాలి. వేడి వృథా కాకుండా. పొయ్యి మొత్తానికి ప్రాణం ఆ రేకు దగ్గరే ఉందట. ఇన్నేళ్ళు ఉద్యోగం చేసిన మనిషి, ఈ ఒక్క ముక్క ముందు చెప్పొచ్చుగా? అడిగాను. "పుస్తకంలో ఉంది కదోయ్" అన్నారు.

కళ్ళు మూసుకుని, తడుముకుంటూ, ఆ నాలుక పట్టుకుని లాగాను. రాలేదు. గోడకు కాలు తన్నిపెట్టి లాగాను. పేరు వరకు ఊడి చేతికొచ్చింది. రేకు లోపలే ఉండిపోయింది. ఆ పొగలో చుట్టాలందరి ముందూ "కీ.శే." అని రాసున్న ముక్క పట్టుకుని వెల్లకిలా పడి ఉన్న నన్ను మా చెల్లెలి కొడుకు వీడియో తీశాడు. సరిగ్గా కనబడలేదని వాడికి దిగులు.

పాలు చివరికి పక్కింటివాళ్ళ గ్యాస్ స్టవ్ మీద పొంగాయి. టైమ్ 8 గంటల 25 నిమిషాలు. పొంగింది వాళ్ళింట్లో కాబట్టి కలిసొచ్చేది కూడా వాళ్ళకేనని పెద్దమ్మ తేల్చింది. అప్పట్నించీ పక్కింటావిడ మమ్మల్ని చాలా ప్రేమగా పలకరిస్తోంది.

నిన్న పొద్దున రంగులాయన వచ్చాడు. పదిరోజుల కిందట తానే కొట్టిన తెల్లగోడలను చాలాసేపు చూశాడు, వేలితో గీరి వాసన చూశాడు. మళ్ళీ కొట్టాలంటే ఎన్ని లీటర్లు పడుతుందని అడిగాను.

"పట్టినంత పడుతుంది సార్" అన్నాడు.