'ఎలాగూ ఊడిపోయే పళ్ళే కదా' అనే మాటకు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'ఎలాగూ ఊడిపోయే పళ్ళే కదా' గారి సముఖమునకు,

నమస్కారములు. తమ క్షేమసమాచారం వేరే అడగనవసరం లేదు. పసిపిల్లలున్న ప్రతి ఇంటిలోనూ తమరు నిక్షేపంగా ఉన్నారని, పాప పంటి మీద చిన్న మచ్చ కనబడగానే ఎవరూ పిలవకపోయినా ముందుగదిలోకి వచ్చి పెద్దరికం వహిస్తున్నారని కళ్ళారా చూస్తున్నవాడిని. ఏ వైద్య కళాశాల గడపా తొక్కకుండా, ఒక్క బిడ్డ నోరైనా తెరిచి చూడకుండా, తరతరాలుగా ఇంతమందికి ఉచితంగా వైద్యసలహా ఇస్తున్న తమరికి ఇప్పటివరకు ఎవరూ శాలువా కప్పకపోవడం అన్యాయమనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

తమ బలమంతా తమరు చెప్పేది సగం నిజం కావడంలోనే ఉంది. పాలపళ్ళు ఊడిపోతాయి, కాదనలేము. ఎప్పుడు ఊడిపోతాయన్నది మాత్రం తమరు ఏనాడూ చెప్పరు. ఇంచుమించు 6 నెలల వయసులో మొదటి పన్ను చిగురును చీల్చుకొని వస్తుంది, మూడో ఏడు వచ్చేసరికి 20 పళ్ళూ వరుసకు చేరతాయి, ముందుపళ్ళు ఆరేడేళ్ళకు ఊగడం మొదలుపెడతాయి. అంతవరకే చూస్తే తమరు కేసు గెలిచినట్టే. కాని వెనుకనున్న పాలదవడపళ్ళు 10 నుంచి 12 ఏళ్ళ వయసుదాకా అక్కడే ఉండాలి. అంటే రెండేళ్ళప్పుడు వచ్చిన పంటితో ఆ బిడ్డ ఎనిమిది తొమ్మిదేళ్ళపాటు తిండి నమలాలి. అద్దె ఇల్లు ఎలాగూ ఖాళీ చేసేదే కదా అని అన్నేళ్ళూ కారుతున్న కప్పు కింద కాపురం ఉండమని తమరు ఎవరికైనా చెప్పగలరా? చెప్పగలరేమో. తమ ధైర్యాన్ని తక్కువగా అంచనా వేయకూడదు.

ఆ పంటి కింద ఎవరున్నారో కూడా తమరు విచారించినట్టు లేదు. ప్రతి పాలపంటి వేళ్ళ దగ్గరా, దాని స్థానంలోకి రావలసిన శాశ్వత దంతపు మొగ్గ ఒకటి తయారవుతూ ఉంటుంది. పాలపంటి మీది ఎనామెల్ పొర శాశ్వత దంతాల పొర కంటే పలుచన. లోపల నరముండే గది మాత్రం పంటి పరిమాణానికి పెద్దది. అందువల్ల పెద్దవాళ్ళ నోట్లో నింపాదిగా నడిచే పుచ్చు పిల్లల నోట్లో పరుగు తీసి నరాన్ని చేరుతుంది, అక్కడినుంచి వేరు చివర చీము పట్టిస్తుంది, ఒక్కొక్కసారి ఆ చీము కిందనున్న మొగ్గనూ దెబ్బతీస్తుంది. పీకించేస్తే గొడవ వదులుతుంది కదా అని తమరు రెండో సలహా ఇవ్వబోతున్నారని తెలుసు. దవడపన్ను వేళకు ముందే పోతే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి జరుగుతాయి. అసలు హక్కుదారు వచ్చి చూసుకునేసరికి చోటు కబ్జా అయి ఉంటుంది. అది వంకరగా మొలిచి, ఏ పన్నెండో ఏటనో క్లిప్పులు పెట్టించవలసి వచ్చినప్పుడు, బిల్లు కట్టే కిటికీ దగ్గర తమరు ఎవరికీ కనబడిన దాఖలాలు లేవు.

తమ తమ్ముడుగారి ప్రస్తావన లేకుండా ఈ లేఖ పూర్తి కాదు. 'అల్లరి చేస్తే పళ్ళ డాక్టరు సూది పొడుస్తాడు' అనే ఆ మహానుభావుడూ తమరూ పని పంచుకున్న తీరు చూస్తే అన్నదమ్ములంటే ఇలా ఉండాలనిపిస్తుంది. నొప్పి వచ్చేదాకా తమరు బిడ్డను ఆ గుమ్మం తొక్కనివ్వరు. ఈలోగా ఆ గుమ్మం వెనుక రాక్షసుడున్నాడని తమ్ముడుగారు రోజుకింత నూరిపోస్తూ ఉంటారు. ఇద్దరి కృషీ ఫలించి, ఒక రాత్రి బుగ్గ ఉబ్బి, తెల్లవార్లూ ఏడ్చి, నిద్రలేని కళ్ళతో ఆ బిడ్డ మొట్టమొదటిసారిగా ఆ కుర్చీ ఎక్కుతుంది. ఆ రోజున మత్తు సూది నిజంగానే అవసరం పడుతుంది కాబట్టి తమ్ముడుగారు సత్యసంధులనే పేరు కూడా సంపాదించుకుంటారు. మొదటి పన్ను వచ్చినప్పుడే, ఎంత ఆలస్యమైనా ఏడాది నిండేలోపు బిడ్డను ఒకసారి చూపించమని అమెరికాలోని పిల్లల దంతవైద్యుల అకాడమీ చెబుతుంది. నొప్పి లేనప్పుడు వెళ్ళడంలో ఉన్న లాభం ఏమిటో తమరికి చెప్పి ఒప్పించగలనన్న ఆశ నాకు లేదు గాని, కళ్ళతో చూసింది చెప్పకుండా ఉండలేను.

మా అమ్మాయికి మొదటి పుట్టినరోజు రాకముందే, తమరు గుమ్మంలో చేతులు చాచి అడ్డుపడుతున్నా పక్కనుంచి తప్పుకొని, తీసుకువెళ్ళాను. అక్కడ పెద్ద కుర్చీ ఎక్కించనే లేదు. డాక్టరుగారూ నేనూ రెండు మామూలు కుర్చీల్లో మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేటట్టు ఎదురెదురుగా కూర్చున్నాము. అమ్మాయిని నా వైపు తిప్పి ఒళ్ళో కూర్చోబెట్టుకొని, నెమ్మదిగా వెనక్కి వాలిస్తే తల ఆవిడ ఒళ్ళోకి చేరింది. కాళ్ళు నా నడుముకు చెరోవైపు, చేతులు నా చేతుల్లో, చూపు నా మొహం మీద. ఏడ్చింది, ఏడవకుండా ఎందుకుంటుంది? "ఏడవనివ్వండి, నోరు తెరవమని బతిమాలే పని తప్పుతుంది" అన్నారావిడ. చిన్న అద్దంతో పైపళ్ళ వెనుక చూసి, చిగురు అంచున సున్నపు గీతలాంటి తెల్లని చార ఏదైనా ఉందేమోనని పెదవి పైకెత్తి వెతికారు. పుచ్చు నల్లగా మారకముందు అలాగే కనబడుతుందట. పళ్ళు తుడిచి, పుచ్చును అడ్డుకునే ఫ్లోరైడ్ వార్నిష్ అనే పూతను కుంచెతో పూశారు. చివరలో మా అమ్మాయి ఆవిడ వేలు కొరికింది. ఆవిడ చేతి తొడుగు వంక ఒకసారి చూసుకొని, పళ్ళు గట్టిగానే ఉన్నాయని చెప్పారు.

రాత్రి పాలసీసా నోట్లో ఉంచుకొనే నిద్రపోతుందా అని కూడా అడిగారు. అలా నిద్రపోయే పిల్లలకు ముందుగా పుచ్చేవి పైనున్న ముందుపళ్ళు; కిందివాటికి నాలుక, ఉమ్మి కాపలా ఉంటాయి. పేస్టు సంగతి అడిగితే, ఫ్లోరైడ్ ఉన్నదే వాడమని, మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆ తరువాత ఆరేళ్ళదాకా బఠానీ గింజంత చాలునని చెప్పారు. ప్రకటనల్లో బ్రష్షు పొడవునా అలలు అలలుగా వేసి చూపించే పేస్టు ఎవరి పళ్ళ కోసమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మేము బయటికి వచ్చేసరికి వరండాలో అయిదేళ్ళ బాబు ఒకడు కూర్చుని ఉన్నాడు. ఒక బుగ్గ వాచి కన్ను సగం మూసుకుపోయింది. వాళ్ళ తాతగారు ఆ పరిస్థితిలో కూడా, "ఊడిపోయే పళ్ళకు ఇంత హంగామానా" అని తమ నామస్మరణ చేస్తున్నారు. తండ్రి మాటిమాటికీ "నొప్పి పుట్టదురా, అసలు నొప్పే ఉండదు" అంటుంటే ఆ బాబుకు వినబడుతున్నది నొప్పి అన్న మాట ఒక్కటే. డాక్టరుగారు బయటికి వచ్చి నోటి జోలికి పోలేదు. వాడి పక్కన కూర్చుని, గాలి ఊదే గొట్టాన్ని ముందు తన అరచేతి మీద, తరువాత వాడి అరచేతి మీద ఊదారు. గిరగిరా తిరిగే మెత్తని బ్రష్షును వాడి బొటనవేలి గోరు మీద ఆనించారు. ముందు చెప్పడం, తరువాత చూపించడం, ఆ తరువాతే చేయడం వాళ్ళ పద్ధతి. వాడి రెండో చెయ్యి మాత్రం నాన్న చొక్కా అంచును వదలలేదు. అంత ఓపికగా ఆవిడ విప్పుతున్నది తమరూ తమ్ముడుగారూ అయిదేళ్ళపాటు వేసిన ముళ్ళనని నాకు అనిపించింది.

చివరగా ఒక విన్నపం. ఆరేళ్ళ వయసులో, పాలపళ్ళన్నిటికీ వెనుక, ఏ పన్నూ ఊడకుండానే, చడీచప్పుడు లేకుండా ఒక దవడపన్ను వస్తుంది. దేని స్థానంలోనూ రాలేదు కాబట్టి చాలా ఇళ్ళలో దాన్ని కూడా పాలపన్ను కిందే జమకట్టి, తమ పేరు చెప్పుకొని పుచ్చనిస్తారు. అది శాశ్వత దంతం. ఊడితే దాని స్థానంలోకి మరొకటి రాదు. మా అమ్మాయికి ఆ పన్ను రావడానికి ఇంకా చాలా వ్యవధి ఉంది. అప్పటికి తమరు మా ఇంటికి దయచేసేటట్లయితే, ఆ పంటి విషయంలో ఏమి సెలవివ్వదలచుకున్నారో ముందుగా రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. తమ్ముడుగారిని వెంట తీసుకురావద్దని ప్రత్యేక మనవి.

ఇట్లు,
పళ్ళు తోమబోయి ప్రతి రాత్రీ వేలు కరిపించుకుంటున్న
ఒక తండ్రి