ఆక్సీకోడోన్‌కి పాస్, గంజాయికి ఫెయిల్: అమెరికా తన మాజీ సైనికుడికి పెట్టే పరీక్ష ఇదీ

అమెరికాలో మాజీ సైనికులకి వైద్యం చేసే వీఏ ఆసుపత్రికెళ్లి "డాక్టర్, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు, గంజాయి గమ్మీ (జెల్లీ బిళ్ల) ఒకటి వేసుకుంటున్నా" అని చెప్పుకోవచ్చు, దాచకుండా చెప్పమని వాళ్లే అడుగుతారు కూడా. 2017లో వచ్చిన వీఏ రూల్ ప్రకారం అలా చెప్పినందుకు బెనిఫిట్స్ ఏం పోవు. కానీ అదే డాక్టర్, గంజాయి కొనుక్కోవడానికి స్టేట్ ఇచ్చే మెడికల్ కార్డు ఫారం మీద సంతకం పెట్టడు, వీఏ ఫార్మసీ మందు ఇవ్వదు, ప్రభుత్వం పైసా కట్టదు. సరే, సొంత డబ్బుతో బయట డాక్టర్ని పట్టుకుని కార్డు తెచ్చుకున్నాడే అనుకుందాం, మరి బతకడానికి ఉద్యోగం కావాలి కదా, అసలు తిప్పలు అక్కడే.

గంజాయి చాలా స్టేట్స్‌లో లీగల్, ఫెడరల్‌గా 1970 నుంచి నిషేధం, ఈ గోల అందరికీ తెలిసిందే. మనం చూడాల్సింది ఆర్మీ నుంచి బయటికొచ్చినవాడు ఎటు పోతాడు అని. ఫెడరల్ ఉద్యోగుల్లో దాదాపు 30 శాతం మాజీ సైనికులే, 1944 నుంచి చట్టమే వాళ్లకి ప్రాధాన్యం ఇస్తోంది. ఆర్మీలో పెద్ద బండ్లు నడిపినవాళ్లకి ట్రక్కు లైసెన్స్ తీసుకునేటప్పుడు డ్రైవింగ్ టెస్ట్ మినహాయింపు కూడా ఉంది. అంటే రా రమ్మని పిలిచేదీ ప్రభుత్వమే, గుమ్మంలో డ్రగ్ టెస్టుకి యూరిన్ డబ్బా పట్టుకుని నిలబడేదీ ప్రభుత్వమే. 1986లో అధ్యక్షుడు రీగన్ ఇచ్చిన ఆర్డర్ ఇప్పటికీ నడుస్తోంది, డ్యూటీలో ఉన్నా లేకపోయినా ఫెడరల్ ఉద్యోగి నిషేధిత డ్రగ్స్ ముట్టకూడదు.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, ట్రక్ డ్రైవర్ల టెస్టులో 2018 నుంచి ఆక్సీకోడోన్, హైడ్రోకోడోన్ లాంటి నొప్పి మాత్రలు కూడా చేర్చారు, మంచిదే, కానీ అవి బయటపడితే రివ్యూ చేసే డాక్టర్ ఫోన్ చేసి ప్రిస్క్రిప్షన్ ఉందా అని అడుగుతాడు, ఉంటే రిజల్ట్ నెగెటివ్ అని రాస్తాడు. అవే మాత్రలు ఎంతమంది ప్రాణాలు తీశాయో ఆ దేశానికి కొత్తగా చెప్పాలా? గంజాయి బయటపడి స్టేట్ కార్డు చూపిస్తే మాత్రం అది చిత్తు కాగితం. ఇంకా విచిత్రం, గంజాయిలో మత్తిచ్చే టీహెచ్‌సీనే ల్యాబ్‌లో తయారుచేసి మారినాల్ అని మాత్రగా అమ్ముతారు, దానికి ప్రిస్క్రిప్షన్ ఉంటే అది సరైన కారణమే అంట. అదే టీహెచ్‌సీ, మొక్కలోంచి వస్తే నేరం, కంపెనీ డబ్బాలోంచి వస్తే వైద్యం!

పోనీ ఆ టెస్టు మత్తునైనా కొలుస్తుందా అంటే అదీ లేదు. మందు విషయంలో ఊపిరి టెస్టు ఉంది, ఇప్పుడు తాగి ఉన్నాడా లేదా చెప్తుంది. గంజాయికి యూరిన్‌లో వెతికేది మత్తు దిగిపోయాక మిగిలే అవశేషం, రోజూ వాడేవాడిలో అది వారాల తరబడి ఉంటుంది. శనివారం రాత్రి సీసా ఖాళీ చేసినవాడు సోమవారం దర్జాగా స్టీరింగ్ పడతాడు, రోజూ రాత్రి గమ్మీ తిని పడుకునేవాడు మానేసి వారాలైనా ఉద్యోగం పోయి ఇంటికి పోవచ్చు.

ఎదుటివాళ్ల వాదనలో పస లేదని అనను. 2021లో వచ్చిన ట్రయల్‌లో 80 మంది మాజీ సైనికులతో పీటీఎస్‌డీకి (యుద్ధం లాంటి భయంకర అనుభవాలు మిగిల్చే మానసిక సమస్యకి) గంజాయిని పరీక్షించి చూస్తే ఉత్తుత్తి మందు కంటే గొప్పగా ఏం పనిచేయలేదు, 2023 వీఏ గైడ్‌లైన్స్ కూడా వద్దనే చెప్పాయి. ఒప్పుకుంటా. కానీ అది డాక్టరూ పేషెంటూ తేల్చుకోవాల్సిన సంగతి, మధ్యలో హెచ్‌ఆర్‌కి ఏం పని? కెనడా చూడండి, అక్కడి ప్రభుత్వం మాజీ సైనికులకి డాక్టర్ అనుమతి మీద రోజుకి 3 గ్రాముల దాకా బిల్లే కడుతోంది.

మన వాట్సాప్ గ్రూపుల్లో గంజాయి అనగానే విశాఖ ఏజెన్సీలో పట్టుకున్న మూటలే గుర్తొస్తాయి, "మంచి పనే చేశారు" అనేస్తారు. అదే మిలటరీ క్యాంటీన్ రమ్ము బాటిల్ ఒకటి ఇంటికొస్తే ఎంత మురిపెమో!

నిజానికి ఇది గంజాయి గొడవ కాదు. కంపెనీ జీతమిచ్చి కొనేది ఎనిమిది గంటలా, ఇరవై నాలుగు గంటలా అనేదే ప్రశ్న. అమెరికాలో వీసా మీద ఉన్న మన పిల్లలకి ఇది ఇంకా బాగా తెలియాలి, స్టేట్‌లో లీగలే కదా అని వాడితే రేపు గ్రీన్ కార్డు మెడికల్‌లో అదే ప్రశ్న వస్తుంది.

2001లో కాలిఫోర్నియాలో, ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసినప్పుడు నడుం దెబ్బతిన్న ఒకాయన రేజింగ్‌వైర్ అనే కంపెనీలో చేరాడు, గంజాయికి డాక్టర్ రాసిచ్చిన కాగితం ముందే చూపించాడు, అయినా టెస్ట్ రిజల్ట్ రాగానే తీసేశారు. 2008లో రాష్ట్ర సుప్రీంకోర్టు 5-2తో కంపెనీ వైపే నిలబడింది. 2024 జనవరి నుంచి అక్కడ కొత్త చట్టం వచ్చింది, పాత అవశేషాలు చూసి ఉద్యోగం తీయకూడదు. అయితే ఫెడరల్ సెక్యూరిటీ క్లియరెన్స్ అడిగే ఉద్యోగాలకి అది వర్తించదు. యూనిఫాం విప్పినవాళ్లు క్యూ కట్టేది మరి అక్కడే కదా.