ఎన్నడూ కింద పడని రైడరుకు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ రైడర్ రీప్లేస్‌మెంట్ గారి దివ్యసముఖానికి,

స్పీడ్‌వే అనే మోటారు సైకిల్ పందేల లీగ్ మ్యాచ్‌లకు వెళ్లి, ప్రోగ్రామ్ పుస్తకంలో ప్రతి హీట్ (అంటే ఒక్కో పందెం) ఫలితాన్నీ పెన్సిల్‌తో రాసుకునే అలవాటున్న ఒక సామాన్య ప్రేక్షకుడు నమస్కరించి చేసుకుంటున్న విన్నపం ఇది.

ఇన్నేళ్లుగా జట్టు జాబితాల్లో మీ పేరు చదువుతున్నాను గానీ, మిమ్మల్ని కళ్లారా చూసే భాగ్యం ఒక్కనాడూ కలగలేదు. ఏడుగురు రైడర్ల పేర్లున్న వరుసలో ఒక మనిషి పేరు కొట్టివేసి, ఆ చోట ‘ఆర్ ఆర్’ అని రెండక్షరాలు రాస్తారు. ఆ రెండక్షరాలే తమరు: గాయపడిన రైడరు హీట్లను సహచరులకు పంచే నిబంధన. పోలండ్‌లో అయితే మిమ్మల్ని ‘జెట్ జెట్’ అంటారు, అక్కడా రెండక్షరాలే. మీకు హెల్మెట్ అక్కరలేదు, బండి అక్కరలేదు, అర్ధరాత్రి వరకు మేలుకుని ఇంజిన్ విప్పే మెకానిక్ అక్కరలేదు. అయినా మ్యాచ్ ముగిసేసరికి మీ ఖాతాలో తొమ్మిదో పదో పాయింట్లు ఉంటాయి. ఒంటిమీద గీత పడకుండా ఇంత సంపాదించిన రైడరు ఈ ఆటలో మరొకరు లేరు.

ఈ ఉత్తరం ఆట తెలియనివారి కంట కూడా పడవచ్చు కనుక, మీ పుట్టుకకు కారణమైన సంగతి రెండు మాటల్లో చెబుతాను. గుడ్డు ఆకారపు మట్టి ట్రాక్ మీద నలుగురు రైడర్లు, జట్టుకు ఇద్దరు చొప్పున, నాలుగు చుట్లు తిరుగుతారు. ఒక్కో హీట్ దాదాపు ఒక నిమిషంలో అయిపోతుంది. బండి 500 సీసీ, ఇంధనం మిథనాల్, గేరు ఒక్కటే, బ్రేకులు అసలే ఉండవు. మలుపులో వేగం తగ్గించడానికి ఉన్న ఉపాయం ఒక్కటే: వెనుక చక్రాన్ని పక్కకు జారనిచ్చి, ముందు చక్రాన్ని దానికి ఎదురుగా తిప్పి, ఇనుప తొడుగు వేసుకున్న ఎడమ కాలిని నేల మీద ఈడ్చడం. పందెం మొదలయ్యే గేటు దగ్గర అడ్డంగా ఉన్న టేపులు పైకి లేచిన రెండు మూడు సెకన్లకే నలుగురూ మొదటి మలుపులో ఒకే జానెడు చోటు కోసం దూరతారు. అక్కడ ఒకరి హ్యాండిల్ మరొకరి మోచేతికి తగిలితే ఏమవుతుందో చెప్పడానికి వైద్యశాస్త్రం చదవనక్కరలేదు. అందుకే అంబులెన్సు లేనిదే మ్యాచ్ మొదలుకాదు. ఉన్న అంబులెన్సు ఆసుపత్రికి వెళ్లి మరొకటి లేకపోతే, అది తిరిగివచ్చేదాకా గ్యాలరీ అంతా నోరు మూసుకుని కూర్చోవలసిందే.

ఇలాంటి ఆటలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఏడుగురూ ఏడుగురుగా మిగిలితే అది జట్టు గొప్పతనం కాదు, దేవుడి దయ. ఆ దయ అన్నివేళలా అందదని తెలిసిన పెద్దలు తమరిని సృష్టించారు. పద్ధతి చాలా ముచ్చటైనది: గాయపడిన రైడరుకు రావలసిన హీట్లను మిగతా సహచరులు, ఒక్కొక్కరు ఒక్కసారికి మించకుండా, పంచుకుని నడుపుతారు. ఖాళీ కుర్చీకి నలుగురు కాపలా అన్నమాట. ఇందులో దయాగుణం ఉంది, న్యాయం కూడా కొంత ఉంది. నేను కాదనడం లేదు.

కాకపోతే మీ దయ అందరి ఎముకల మీదా సమానంగా ప్రసరించదు. బ్రిటిష్ లీగుల్లో మీరు మొదటి ఐదు స్థానాల వారి కోసమే దిగివస్తారు. పోలండ్‌లోనైతే పాయింట్ల సగటుల జాబితాలో పైన ఉన్నవారి కోసమే. జట్టు చివర రిజర్వు స్థానంలో ఉన్న కుర్రవాడి మణికట్టు విరిగితే, అది కూడా మణికట్టే అయినా, మీ గుమ్మం దాకా రాదు. అతని స్థానంలో కింది లీగ్ నుంచి ఇంకో కుర్రవాణ్ణి మధ్యాహ్నం ఫోన్ చేసి పిలిపిస్తారు. అతను సాయంత్రానికి తెలియని ట్రాక్ మీద, తెలియని మలుపులో, తనకన్నా రెండింతల అనుభవం ఉన్నవారి పక్కన గేటు దగ్గర నిలబడతాడు. ఎముకలకు కూడా కులీనత ఉంటుందని నాకు నేర్పినవారు మీరే.

ఇక లెక్కల విషయానికి వద్దాం, ఎందుకంటే మీ అసలు మహిమ అక్కడే ఉంది. హీట్‌లో మొదటివాడికి 3, రెండోవాడికి 2, మూడోవాడికి 1, నాలుగోవాడికి సున్నా. పదిహేను హీట్లకు కలిపి 90 పాయింట్లు. 46 వస్తే గెలుపు. ఇప్పుడు ఒక మేనేజరుగారి సంకటం ఊహించండి. ఆయన జట్టులో ఒక మంచి పేరున్న రైడరు ఉన్నాడు, కానీ ఈ ఏడాది గేటు నుంచి బయటికి రావడమే మరిచిపోయాడు. నాలుగు హీట్లలో కలిపి రెండు పాయింట్లు తెస్తున్నాడు. అతను ఆరోగ్యంగా ఉన్నంతకాలం ఆ నాలుగు హీట్లూ జాబితాలో అతని పేరు మీదే ఉంటాయి. ఫామ్ పోవడాన్ని ఏ డాక్టరూ ధ్రువీకరించడు కనుక మీరు రారు. అదే మనిషికి కాలర్ బోన్ విరిగి, చేతిలో వైద్యుడి కాగితం ఉంటే, ఆ నాలుగు హీట్లనూ జట్టులోని నలుగురు మంచివాళ్లు నడుపుతారు, రెండు పాయింట్లు వచ్చే చోట ఎనిమిది వస్తాయి. అంటే తన రైడరు సరిగా ఆడకపోవడం కన్నా సరిగా పడిపోవడమే మేనేజరుకు లాభం. ఎద్దు పుండు కాకికి ముద్దు అని మన పెద్దలు ఊరకే అనలేదు. కాకపోతే ఇక్కడ కాకే ఎద్దుకు యజమాని కూడా. అలాంటి కోరిక మనసులో ఉన్న మేనేజరు ఎవరైనా ఉన్నారని నేను అనడం లేదు. అలాంటి కోరికకు పాయింట్లు ఇచ్చే నిబంధన ఒకటి ఉందని మాత్రమే మనవి చేస్తున్నాను.

ఆ ఎనిమిది పాయింట్లు ఊరికే రావు. ఇప్పటికే ఐదు హీట్లు ఉన్న జట్టు నాయకుడు మీ పుణ్యమా అని ఆరోదానికి దిగుతాడు. ఒక హీట్ ముగించి, కళ్లద్దాల మీది మట్టి తుడుచుకునేలోగా తరువాతి హీట్‌కు రెండు నిమిషాల్లో గేటు దగ్గరికి రమ్మనే గంట మోగుతుంది. రిజర్వులు ఏడేసి సార్లు ట్రాక్ ఎక్కుతారు. ఒక మ్యాచ్‌లో ఇది వీరత్వంలా కనిపిస్తుంది, నెల రోజులు సాగితే అలసట అవుతుంది, అలిసిన చెయ్యి మొదటి మలుపులో ఒక్క క్షణం ఆలస్యంగా కదిలితే ఏం జరుగుతుందో పై పేరాలో చెప్పాను. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఒక గాయాన్ని పూడ్చడానికి వచ్చిన మీరు రెండో గాయానికి దారి చూపిన సీజన్లు అభిమానులకు గుర్తే. అప్పుడు మరో చిక్కు: మీరు ఒక జట్టులో ఒక్క కుర్చీలోనే కూర్చోగలరు. రెండో కుర్చీకి మీ దాయాది గెస్టుగారు రావాలి.

గెస్టుగారి గురించి కూడా నాలుగు మాటలు. బ్రిటిష్ లీగుల్లో జట్టు ఒకటో నంబరు రైడరు గాయపడితే, అతని సగటుకు మించని సగటున్న ఇంకో క్లబ్బు రైడరును ఒక్క రాత్రికి అరువు తెచ్చుకోవచ్చు. సోమవారం మనల్ని ఓడించి వెళ్లినవాడే గురువారం మన జాకెట్ తొడుక్కుని మనకోసం ప్రాణం పెడతాడు. గ్యాలరీలో పిల్లలు అతణ్ణి చూసి గేలి చేయాలో చప్పట్లు కొట్టాలో తెలియక తండ్రుల మొహాలు చూస్తారు. కొత్తవాళ్లకు ఈ వ్యవస్థ వివరించబోయి నేను ప్రతిసారీ ఓడిపోయాను. ‘మరి అతనిది ఏ జట్టు?’ అని అడుగుతారు. ‘ఈ రాత్రికి మనదే’ అంటాను. ఆ తరువాత వారు ఆట గురించి ఇంకేమీ అడగరు.

మీ దగ్గర దాచి లాభం లేని మరో సంగతి: ఈ ఆటలో ఒక ఎముక ఒక్క దేశంలో విరగదు. పేరున్న రైడరు సోమవారమో గురువారమో ఇంగ్లండ్‌లో, మంగళవారం స్వీడన్‌లో, బుధవారం డెన్మార్క్‌లో, శుక్రవారం లేదా ఆదివారం పోలండ్‌లో, కొన్ని శనివారాలు ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీ అయిన గ్రాండ్ ప్రీలో ఉండవచ్చు. సోమవారం రాత్రి ఒక కాలర్ బోన్ విరిగితే వారం తిరిగేలోగా వేర్వేరు దేశాల్లో మేనేజర్లు మీకోసమో మరొకరికోసమో వెతుక్కుంటారు. ఏ క్లబ్బూ చేయని తప్పుకు ప్రతి క్లబ్బూ జరిమానా కడుతుంది. ఒక లీగ్‌లో పాయింట్ల పట్టిక ఎందుకు తలకిందులైందో తెలుసుకోవాలంటే ఇంకో దేశంలోని ఎక్స్‌రే చూడాలి.

అందుకే రైడర్లు మిమ్మల్ని పిలవడం కన్నా తామే రావడానికి ఇష్టపడతారు. 2013లో టై వాఫిండెన్ కార్డిఫ్‌లో కాలర్ బోన్ విరగగొట్టుకుని కూడా సీజన్ కొనసాగించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2017లో జేసన్ డాయిల్ పాదం విరిగి, చంకలో కర్రలతో, బండ్లు సిద్ధం చేసే పిట్స్‌లోకి వచ్చి, బండి మీద మాత్రం మామూలుగా కూర్చుని, ఆ ఏడాది చాంపియన్‌గానే ముగించాడు. వీటిని మేము వీరగాథలుగా చెప్పుకుంటాం. కానీ ఇదే పట్టుదల లీగ్‌లో మామూలు రైడరు చూపితే దాని వెనుక ఉన్నది కీర్తి కాదు, అద్దె. చాలామందికి ట్రాక్ మీద తెచ్చిన పాయింట్లకే డబ్బు. బండి వారిదే, ఇంజిన్ ట్యూనరు బిల్లు వారిదే, వ్యాను డీజిలు వారిదే. మంచం మీద పడుకున్నవాడికి పాయింట్లు రావు. అతని హీట్లు నడిపిన వారికి ఆ పాయింట్ల డబ్బు ముడుతుంది, మీకు కృతజ్ఞత ముడుతుంది, అతనికి బిల్లులు ముడతాయి. కాబట్టి ఎనిమిది వారాలన్న డాక్టరుకు దణ్ణం పెట్టి, ఐదో వారంలో ఎముక మీద ప్లేటు, ప్లేటు మీద పట్టీ వేసుకుని తిరిగి వస్తాడు.

వచ్చాక అసలు కథ మొదలవుతుంది. చెయ్యి పూర్తిగా లేవదు, మొదటి మలుపులో మనసు వెనకాడుతుంది, సగటు ఎనిమిది నుంచి ఐదుకు దిగుతుంది. సగటంటే తెచ్చిన పాయింట్లను నడిపిన హీట్లతో భాగించి నాలుగుతో హెచ్చించగా వచ్చే అంకె. పన్నెండుకు మించి వెళ్లదు. బ్రిటన్‌లో జట్టు కూర్చేటప్పుడు ఏడుగురి సగటుల మొత్తానికి ఒక పరిమితి ఉంటుంది. చలికాలంలో మేనేజర్లు ఆ పరిమితిలోకి జట్టును ఇరికించడానికి కుస్తీ పడుతున్నప్పుడు, ఎనిమిది సత్తా ఉండి ఐదు అంకె ఉన్న మనిషి కన్నా గొప్ప బేరం మరొకటి ఉండదు. నిరుడు విరిగిన భుజం ఈ ఏడాది మూడు పాయింట్ల తగ్గింపు ధరకు వస్తుంది. అంటే ఒక సీజన్‌ను ముంచిన గాయమే మరో క్లబ్బు ట్రోఫీకి పునాది కావచ్చు. ‘ఇతని సగటు మన లెక్కలో అతికింది’ అంటారే గాని, భుజం అతికిందా అని ఎవరూ అడగరు.

కాలం కూడా మీ పక్షమే. మే నెలలో మొదటి రైడరు పడిపోతే క్లబ్బుకు ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది: సగటు సరిపోయే మనిషిని వెతికి, సంతకం చేయించి, జట్టును మళ్లీ కూర్చవచ్చు. అదే మనిషి ప్లే ఆఫ్‌కు వారం ముందు పడితే, వేసవి అంతా కష్టపడి పై నాలుగు స్థానాల్లోకి వచ్చిన జట్టు మీ చెయ్యి పట్టుకుని ఫైనల్‌కు నడుస్తుంది. ఇక సీజన్ మొదలుకాకముందే ముగిసినవారు ఉన్నారు. 2025 మార్చి 30న పోలండ్‌లోని క్రోస్నోలో, లీగ్ ఇంకా ఆరంభం కాని సన్నాహక మ్యాచ్‌లో, వాఫిండెనే ఎన్నో ఎముకలు విరిగి హెలికాప్టరులో ఆసుపత్రికి వెళ్లాడు. మార్చిలో అందరూ అచ్చు వేసిన అంచనా పట్టికలు ఆ సాయంత్రానికే చిత్తు కాగితాలయ్యాయి.

ఒక్క చోట మాత్రం నాకు వ్యంగ్యం చేతకాదు. 2015 ఆగస్టు 23న పోలండ్‌లోని జెలోనా గూరాలో, చివరిదైన పదిహేనో హీట్‌లో, ఆస్ట్రేలియా రైడరు డార్సీ వార్డ్ పడిపోయాడు. అతనికి 23 ఏళ్లు. వెన్నుపాము దెబ్బతిని మళ్లీ నడవలేకపోయాడు. ఆ తరువాతి మ్యాచ్‌లకు జట్టు జాబితా ఎలా రాశారో, అతని హీట్లు ఎవరు పంచుకున్నారో నేను ఎన్నడూ వెతకలేదు. ఆ ఒక్క లెక్క మీద నాకు ఆసక్తి కలగలేదు.

మిగతా లెక్కలన్నిటి మీద ఆసక్తి ఉంది, అదే నా బాధ. పోయిన సీజన్‌లో ఒక సాయంత్రం, నాలుగో హీట్, మొదటి మలుపు. మా జట్టు రైడరు బండి ఎగిరి, ట్రాక్ చుట్టూ గాలి నింపి ఉంచే ఎయిర్ ఫెన్స్‌లోకి దూసుకుపోయింది, ఎర్ర దీపాలు వెలిగాయి, అంబులెన్సు కదిలింది. గ్యాలరీ అంతా లేచి నిలబడింది, నేనూ నిలబడ్డాను. నిలబడే, ఈ గాయం నెల పడుతుందా, రెండు నెలలా, వచ్చే మ్యాచ్‌కు మిమ్మల్ని తెచ్చుకోవచ్చా, అతని నాలుగు హీట్లను ఎవరెవరికి పంచితే ఎక్కువ పాయింట్లు వస్తాయని పుస్తకం వెనుక అట్ట మీద రాయడం మొదలుపెట్టాను. ఎలా కూడినా మీరే అతని కన్నా మూడు పాయింట్లు ఎక్కువ తెస్తున్నారు. కూడిక ముగించి తల ఎత్తేసరికి అతను లేచి కూర్చున్నాడు. హెల్మెట్ తీసి, మా వైపు తిరిగి, చెయ్యి ఊపాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా ఒక చేతిలో పుస్తకం, మరో చేతిలో పెన్సిల్ ఉండడం వల్ల నేను కొట్టలేకపోయాను.

ఇట్లు,
తమ పేరును పెన్సిల్‌తోనే రాసే
ఒక ప్రేక్షకుడు